కరెంటు ఆదాకు కొన్ని తిక్క సలహాలు

బెంగళూరులో ఉంటే ఫైవ్‌స్టార్ ఏసీ కొనకండి. విశాఖలో ఉంటే ఏసీ మీద స్టార్లు లెక్కపెట్టే ముందు దాని రాగి గొట్టాల సంగతి చూడండి. హైదరాబాదులో గ్యాసు పొయ్యి మీద వండుకుంటున్నవాళ్ళు ఇండక్షన్‌కి మారాలని తొందరపడకండి. టొరంటోలో ఉన్న మీ అబ్బాయి గదిలో లైటు ఊరికే వెలుగుతోందని వీడియో కాల్‌లో కోప్పడకండి. రెండు వందల అడుగుల బోరు కింద యాసంగి వరి వేసే రైతుకి ముందుగా మోటారు మార్చమని చెప్పకండి.

ఏటా డిసెంబరు 14న మొదలయ్యే ఇంధన పొదుపు వారోత్సవాల్లో వినపడే మాటలకి ఇవి పూర్తిగా ఎదురు. ఆ వారోత్సవాల మాటలు ఇచ్ఛాపురంలోనూ, హిందూపురంలోనూ, ఆదిలాబాదులోనూ ఒకటే. ఆ మూడు ఊళ్ళ గాలి ఒకటి కాదు, నేల కింద నీళ్ళ లోతు ఒకటి కాదు, చలి ఒకటి కాదు. ఏది ఆదా చేస్తే ఎంత మిగులుతుందన్నది ఊరు మారితే పదింతలు మారిపోతుంది. ఎక్కువ మిగిలే చోటు వదిలేసి, ఏమీ మిగలని చోట మనస్ఫూర్తిగా కష్టపడేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాళ్ళ శ్రద్ధ సరైన చోటికి చేరాలి.

ముందొక అపోహ తొలగించాలి. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు ఉంది కాబట్టి అక్కడి కరెంటు శుభ్రమైనదనీ, రామగుండంలో బొగ్గు కాలుస్తారు కాబట్టి అక్కడి కరెంటు మురికిదనీ చాలామంది అనుకుంటారు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది. అప్పటినుంచి దేశమంతా ఒకటే గ్రిడ్. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇటీవలి లెక్కల ప్రకారం యూనిట్‌కి సగటున సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కర్నూలు యూనిట్‌కైనా రామగుండం యూనిట్‌కైనా అదే అంకె. అంటే మన దేశంలో ప్రాంతాల మధ్య తేడా యూనిట్‌లో లేదు. ఎన్ని యూనిట్లు మిగల్చగలం, దేంట్లో మిగల్చగలం అన్న దగ్గరే తేడా అంతా ఉంది.

బెంగళూరు తెలుగువాళ్ళు: స్టార్లు వదిలేయండి, నీళ్ళు చూసుకోండి

ఏసీ మీద అంటించిన స్టార్ చీటీలో ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె వెనక ఒక ఊహ ఉంది. ఏసీ ఏడాదికి 1,600 గంటలు నడుస్తుందనీ, ఆ గంటల్లో బయటి వేడి 24 నుంచి 43 డిగ్రీల మధ్య ఉంటుందనీ దేశమంతటికీ కలిపి అనుకున్నారు. ఒకటిన్నర టన్ను ఏసీలో త్రీస్టార్‌కీ ఫైవ్‌స్టార్‌కీ ఆ లెక్కన ఏడాదికి సుమారు 200 యూనిట్ల తేడా వస్తుంది. విజయవాడలో ఫిబ్రవరి చివర మొదలుపెట్టి అక్టోబరు దాకా రాత్రంతా ఏసీ వేసే ఇంట్లో అది 300 యూనిట్లు కూడా దాటొచ్చు. అక్కడ ఫైవ్‌స్టార్ కొని తీరాలి. బెంగళూరులో ఏప్రిల్ నెలలో రోజుకి ఐదు గంటలు వేసి, తర్వాత దుప్పటి కప్పేసే ఏసీకి ఆ తేడా 20 యూనిట్ల దగ్గర ఆగుతుంది. ఫైవ్‌స్టార్‌కి ఎక్కువ పెట్టే డబ్బుతో దానికంటే గొప్ప పని చేయొచ్చు.

బెంగళూరు ఇంట్లో కరెంటు తాగేది గీజరు. తెల్లవారుజామున ట్యాంకు నీళ్ళు 18 డిగ్రీలుంటే, రెండు బకెట్ల నీళ్ళు, అంటే 40 లీటర్లు, 42 డిగ్రీలకి తేవడానికి ఒక యూనిట్‌కి పైగా కావాలి. నలుగురున్న ఇంట్లో రోజుకి నాలుగైదు యూనిట్లు. ఏడాదిలో వెయ్యి దాటుతుంది. ఏసీ మీద రెండు స్టార్లు తగ్గించుకుని ఆ మిగిలింది సోలారు వాటర్ హీటరు మీద పెట్టండి.

అదే సోలారు హీటరుని కాకినాడలో ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. అక్కడ మేడ మీద నల్ల ట్యాంకులోని నీళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు ఏ హీటరూ లేకుండానే స్నానానికి పనికొస్తాయి. కోస్తాలో మిగిలే పొదుపంతా గీజరు స్విచ్ వేయకపోవడంలోనే ఉంది. పాడేరు, లంబసింగి వైపు ఇది చెల్లదు. అక్కడి చలికి వేణ్ణీళ్ళు విలాసం కాదు.

కోస్తాలో ఉన్నవాళ్ళు: గ్యాసు నింపించడం మానేయండి

ఏసీ చల్లదనం తగ్గితే మెకానిక్‌ని పిలిచి గ్యాసు ఫిల్లింగ్ చేయించుకోవడం విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఇళ్ళలో ఏటా జరిగే తంతు. ఉప్పుగాలి బయటి యూనిట్ రేకుల్నీ, గొట్టాల అతుకుల్నీ తినేస్తుంది. గ్యాసు మెల్లగా పోతుంది. మళ్ళీ నింపుతారు, మళ్ళీ పోతుంది. ఎవరికీ ఇది పర్యావరణానికి సంబంధించిన విషయంలా అనిపించదు.

పోయిన ఆ గ్యాసు ఆర్-410ఏ అయితే, కిలో గ్యాసు భూమిని వేడెక్కించడంలో 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కరెంటు లెక్కలోకి మారిస్తే 2,900 యూనిట్లు. ఏడాదికి 300 యూనిట్ల చొప్పున ఫైవ్‌స్టార్ ఏసీ దాదాపు పదేళ్ళలో మిగిల్చేది ఒక్క లీకుతో పోతుంది. కొత్త ఏసీల్లోని ఆర్-32 కొంత నయం, కిలోకి 675. అయినా మూడేళ్ళ పొదుపు పోయినట్టే. కడపలో, నిజామాబాదులో బయటి యూనిట్‌కి ఉప్పు బాధ లేదు కాబట్టి స్టార్లకే ఎక్కువ విలువ. సముద్రం ఒడ్డున మాత్రం లీకు ముందు, స్టార్లు తర్వాత.

కాబట్టి మెకానిక్ వచ్చినప్పుడు గ్యాసు నింపనివ్వకండి. ముందు నైట్రోజన్ ఎక్కించి లీకు ఎక్కడుందో పట్టుకోమనండి. అతుకు వేశాకే నింపమనండి. ఎక్కువ డబ్బు అడుగుతాడు, ఇవ్వండి. ఇల్లు మారేటప్పుడు పంప్ డౌన్ చేయకుండా గొట్టాలు విప్పేసి గ్యాసుని గాలిలోకి వదిలేసే అలవాటు ఇంకా ఉంది. పంప్ డౌన్ అంటే గ్యాసుని బయటి యూనిట్‌లోకి లాగి బిగించడం. పది నిమిషాల పని. పక్కన నిలబడి చేయించుకోండి. కొనేటప్పుడు బయటి యూనిట్‌ని సముద్రం వైపు గోడకి కాకుండా వెనక గోడకి బిగించమనండి, గొట్టం నాలుగడుగులు ఎక్కువైనా సరే.

కోస్తాకి ఇంకొకటి. కూలరు ముట్టుకోకండి. 36 డిగ్రీల వేడిలో గాలి నిండా తేమ ఉంటే, మంచి కూలరు కూడా 31, 32 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పైగా గదిలో ఇంకా తేమ నింపుతుంది. అక్కడ అసలు పొదుపు ఫ్యానులో ఉంది. మామూలు ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకి పదహారు గంటల చొప్పున 300 రోజులు తిరిగే ఇంట్లో ఫ్యానుకి 200 యూనిట్లకి పైగా మిగులుతాయి. నాలుగు ఫ్యాన్లు మార్చితే ఏ ఫైవ్‌స్టార్ ఏసీ ఇవ్వలేనంత ఆదా. ఆదిలాబాదులో చలికాలం మూడు నాలుగు నెలలు ఫ్యాన్లు ఆగిపోతాయి కాబట్టి అక్కడ ఇంత రాదు.

అనంతపురం, రామగుండం, ఆదిలాబాదు వేసవిలో కథ తిరగబడుతుంది. 42 డిగ్రీల పొడిగాలిలో కూలరు గదిని 28 దాకా దించగలదు. 200 వాట్లతో అయ్యే పనికి ఏసీ 1,500 వాట్లు తీసుకుంటుంది. కానీ ఏసీకి అలవాటు పడినవాళ్ళు కూలరు వేసి కూడా తలుపులు, కిటికీలు మూసేస్తారు. తేమ బయటికి పోయే దారి లేక అరగంటలో గదిలో ఉక్కపోస్తుంది, కూలరు పనికిరాదని తేల్చేస్తారు. ఎదురుగా ఉన్న కిటికీ బార్లా తెరవండి. కరెంటు ఆదా చేయాలంటే తలుపులు తెరిచిపెట్టండి అని చెప్తే నమ్మరు, కానీ పొడి నేలలో అదే నిజం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మేడ మీద తెల్ల పూత కూడా ఇలాంటి ఊళ్ళకి, పై అంతస్తులో ఉన్నవాళ్ళకి బాగా పనికొస్తుంది. నాలుగో అంతస్తు కింద మొదటి అంతస్తులో ఉన్నవాళ్ళు దానికి డబ్బు దండగ చేసుకోనక్కర్లేదు.

వంటింట్లో: ఇండక్షన్‌కి ఇప్పుడే కాదు

ఇది చెప్తే పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్ళు నొచ్చుకుంటారు, కానీ లెక్క చూడండి. 14.2 కిలోల గ్యాసు సిలిండరు మొత్తం కాలిస్తే 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పొయ్యి నూటికి 65 పాళ్ళ వేడిని గిన్నెకి అందిస్తే, అదే వంట ఇండక్షన్ మీద చేయడానికి సుమారు 137 యూనిట్లు కావాలి. మన గ్రిడ్‌లో ఆ యూనిట్ల వెనక దాదాపు 99 కిలోలు. రెండింతలు దాటింది. మన కరెంటు యూనిట్‌కి 0.3 కిలోల దగ్గరికి దిగిన రోజున ఇండక్షన్ గెలుస్తుంది. అప్పటిదాకా హైదరాబాదు, గుంటూరు వంటిళ్ళలో ఆదా గ్యాసు పొయ్యి దగ్గరే వెతకాలి. పప్పు నానబెట్టి కుక్కర్లో పెట్టడం, గిన్నె కంటే మంట వెడల్పు కాకుండా చూసుకోవడం.

కట్టెల పొయ్యి ఊదే ఇళ్ళకి ఈ సలహా పొరపాటున కూడా చెప్పకండి. ఏజెన్సీ గూడేల్లో పొగ పీల్చే ఆడవాళ్ళ ఊపిరితిత్తుల ముందు ఈ కిలోల లెక్కకి విలువ లేదు. గ్యాసైనా, ఇండక్షనైనా, ఏది అందితే అది ఇవ్వాలి.

టొరంటోలో పిల్లలున్న తల్లిదండ్రులు: లైట్ల గురించి తిట్టకండి

మన ఇండక్షన్ లెక్క టొరంటో ఉన్న ఒంటారియోలో తలకిందులవుతుంది. ఆ రాష్ట్రం 2014లో బొగ్గు కరెంటుకి పూర్తిగా స్వస్తి చెప్పింది. అక్కడి కరెంటు ఎక్కువగా అణు కేంద్రాల నుంచీ, జలవిద్యుత్ కేంద్రాల నుంచీ వస్తుంది. యూనిట్ వెనక పొగ మనదానిలో పదో వంతు చుట్టుపక్కలే. పక్కనున్న క్యూబెక్‌లో అయితే దాదాపు సున్నా. అక్కడ గ్యాసు పొయ్యి తీసేసి ఇండక్షన్ పెట్టుకోవడమే మంచి పని.

మనం పిల్లలకి చిన్నప్పటినుంచి నేర్పింది గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పమని. మన ఊళ్ళో అది బంగారం లాంటి అలవాటు. టొరంటో పక్కనున్న మిస్సిసాగా ఇంట్లో తొమ్మిది వాట్ల ఎల్ఈడీ రోజుకి ఆరు గంటలు ఊరికే వెలిగినా ఏడాదికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కిలోన్నర దాటదు. అదే ఇంటి బేస్‌మెంటులో గ్యాసు ఫర్నేసు ఉంటుంది. అది ఏడాదికి 2,000 ఘనపు మీటర్ల గ్యాసు కాలిస్తే 3.8 టన్నులు. థర్మోస్టాట్ ఒక డిగ్రీ తగ్గిస్తే 5 శాతం తగ్గుతుందనుకున్నా 190 కిలోలు మిగులుతాయి. వందకి పైగా బల్బుల పొదుపు అది. లైట్లన్నీ శ్రద్ధగా ఆర్పేసి, జనవరిలో ఇంట్లో టీషర్టుతో తిరిగేలా 24 డిగ్రీలు పెట్టుకునే మన పిల్లలకి ఎవరో ఒకరు ఇది చెప్పాలి. ఊలు స్వెట్టరు పంపండి. కిటికీ సందులకి పట్టీలు వేయించమనండి. ఫర్నేసు పాతబడితే హీట్ పంపు కోసం డబ్బు దాచుకోమనండి.

అమెరికాలో డాలస్, ఫ్రిస్కో వైపు ఉన్నవాళ్ళకి స్వెట్టరు సలహా వద్దు. వాళ్ళ బాధ ఎండ. కప్పు కింద అటకలో చల్లగాలి గొట్టాలు పోయే ఇళ్ళలో, అటక మీద ఇన్సులేషన్ మందం పెంచడమే వాళ్ళకి పెద్ద పొదుపు.

బోరు కింద రైతు: మోటారు తర్వాత, ముందు పంట

ఇప్పటిదాకా చెప్పిన ఇళ్ళ సంగతులన్నీ తెలుగు రాష్ట్రాల్లో చిన్న లెక్కలే. ఇక్కడ పెద్ద లెక్క పొలంలో ఉంది, దాన్ని తాకడానికే అందరికీ భయం.

ఒక ఘనపు మీటరు నీటిని ఒక మీటరు పైకెత్తడానికి ఇంత శక్తి కావాలని భౌతికశాస్త్రం తేల్చేసింది. ఎవరూ తగ్గించలేరు. ఎకరం వరికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే, 48 లక్షల లీటర్లకి పైమాటే. యాసంగిలో వాన సాయం లేదు, అంతా మోటారే ఎత్తాలి. నీళ్ళు రెండు వందల అడుగుల లోతులో ఉండి, పాత మోటారు నూటికి 35 పాళ్ళ సామర్థ్యంతో పని చేస్తుంటే ఎకరానికి దాదాపు 2,270 యూనిట్లు. నెలకి 150 యూనిట్లు వాడే కుటుంబం ఏడాదంతా వాడే కరెంటు కంటే ఎక్కువ. నాలుగు వందల అడుగుల బోరయితే దీనికి రెండింతలు. కోనసీమలో పదడుగుల్లో నీళ్ళు దొరికే ఫిల్టర్ పాయింట్ మీద అదే వరి పండిస్తే 115 యూనిట్లు చాలు. అదే వరి, అదే ఎకరం, ఇరవై రెట్ల తేడా.

అందుకే మోటార్లు మార్చే పథకాన్ని రెండు రాష్ట్రాలకీ ఒకేలా పరచకండి. లోతైన బోరు మీద 35 నుంచి 50 పాళ్ళకి సామర్థ్యం పెరిగితే ఎకరానికి దాదాపు 700 యూనిట్లు మిగులుతాయి. ఫిల్టర్ పాయింట్ మీద ముప్ఫై నలభై యూనిట్లు మిగిలితే గొప్ప. మోటారు ధర మాత్రం తక్కువేమీ కాదు.

లోతైన బోరు దగ్గర కూడా మోటారుది రెండో స్థానమే. యాసంగిలో వరి బదులు నువ్వులో, వేరుశనగో, మరో ఆరుతడి పంటో వేస్తే నీళ్ళు సగం కంటే తక్కువే పడతాయి, కరెంటూ అంతే. ఏ ఫైవ్‌స్టార్ మోటారూ సగం తగ్గించలేదు. రైతు వరే ఎందుకు వేస్తాడో నాకు తెలుసు. ఊళ్ళోనే కొనుగోలు కేంద్రం ఉంది, మద్దతు ధర చేతికొస్తుంది. నువ్వులకి అలాంటి భరోసా లేదు. కాబట్టి ఈ సలహా రైతు ఒక్కడికే కాదు. కరెంటు ఆదా చేయాలనుకునే ప్రభుత్వం ముందు నువ్వులు కొనాలి. మోటార్ల మీద పెట్టే సబ్సిడీలో కొంత ఆ కొనుగోలుకి పెడితే ఎక్కువ యూనిట్లు మిగులుతాయని నా గట్టి నమ్మకం.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. ఆటో స్టార్టరు ఉంటే అర్ధరాత్రి ఎవరూ చూడకుండానే మోటారు తిరుగుతుంది. ఆటో స్టార్టరు తీసేయండి. మధ్యాహ్నం సోలారు కరెంటు దండిగా ఉన్న వేళ తడి పెట్టండి. రాత్రి వేళ ఆ యూనిట్ ఎక్కువగా బొగ్గుదే. కెపాసిటరు పెట్టుకోండి, 5 హెచ్‌పీ మోటారుకి 2 కేవీఏఆర్‌ది చాలు. ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటుకి పెట్టిన షరతుల్లోనే కెపాసిటరూ, ఐఎస్ఐ మోటారూ ఉండేవి. బిల్లు లేని రైతుకి కెపాసిటరు వల్ల పైసా కలిసిరాదని అంటారు. ఫీడరు చివర వోల్టేజీ నిలబడుతుంది, ట్రాన్స్‌ఫార్మరు కాలి ఊరంతా చందాలు వేసుకునే అవసరం తగ్గుతుంది.

అనంతపురం చీనీ (బత్తాయి) తోటల వాళ్ళకి ఒక కష్టమైన మాట. డ్రిప్ పెట్టాక మిగిలిన నీళ్ళతో ఇంకో ఎకరం వేయకండి. డ్రిప్ పెట్టిన చోటల్లా తోట విస్తీర్ణం పెంచితే మోటారు అన్ని గంటలే నడుస్తుంది, బోరు అంతే లోతుకి పోతుంది. ఆ నీళ్ళు నేలలో ఉండనివ్వండి. వచ్చే ఏడాది మోటారు ఎత్తాల్సిన అడుగులు తగ్గుతాయి.

డెల్టా రైతు: నీళ్ళున్నప్పుడే మడి ఆరబెట్టండి

గోదావరి డెల్టాలో కాలవ నీళ్ళు వాటంతటవే పారతాయి. కరెంటు లెక్కన అక్కడి వరి చాలా మంచిది. కానీ నిత్యం నీళ్ళు నిలిచిన మడిలో బురద నుంచి మీథేన్ పుడుతుంది. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ దక్షిణాసియాకి ఇచ్చిన సగటుతో లెక్కేస్తే పంటకి ఎకరానికి సుమారు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మధ్యమధ్య మడిని ఆరనిస్తే దాదాపు సగం తగ్గుతుంది. డెల్టాలో మిగిలే పొదుపు ఇదొక్కటే, కానీ పెద్దది. బోరు ప్రాంతంలో ఇదే పని చేస్తే మీథేన్‌తోపాటు మోటారు కరెంటు కూడా పాతిక శాతం దాకా తగ్గుతుంది. రెండువైపులా లాభం అక్కడే.

చేసే విధానం కష్టం కాదు. చిల్లులు పెట్టిన అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం సగం మడిలో పాతండి. లోపల మట్టి తీసేయండి. నీటిమట్టం నేలకి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్ళీ నీళ్ళు పెట్టండి. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టండి. పూతకి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వకండి. యూరియా చల్లి వెంటనే మడి ఆరబెట్టకండి. నత్రజని గాలిలో కలిసి లాభంలో కొంత తినేస్తుంది.

బోదె మీద ఒక్క రైతు తన మడి ఒక్కటే ఆరబెట్టుకోలేడు. పై మడి నీళ్ళు కింది మడిలోకి వస్తాయి. అందుకే నాట్లకి ముందే నీటి సంఘంలో కూర్చుని అందరూ కలిసి ఆరబెట్టే సంగతి అడగండి. నీళ్ళు చాలని దాళ్వా (రబీ) పంటలో ఇరిగేషన్ శాఖ వంతులవారీగా నీళ్ళు వదలడం డెల్టాకి కొత్త కాదు. నీళ్ళు పుష్కలంగా ఉన్న ఏడాది కూడా ఆ వంతుల పట్టికే కావాలని అడగండి.